నుదుటి రూపాయి

ఆ భవనంలో యాదమ్మను ఎవరూ పేరు పెట్టి పిలవరు. మాదాపూర్‌లో, హైటెక్ సిటీ గుండ్రటి టవరుకు కూతవేటు దూరంలో ఉన్న నాలుగంతస్తుల అద్దాల మేడ అది. కంప్యూటర్ల ముందు కూర్చునే పిల్లలకు ఆమె ఆంటీ. సూపర్‌వైజరుకు 'థర్డ్ ఫ్లోర్'. గేటు కాడ కాపలా ఉండే చంద్రయ్యకు 'ఓ పాలమూరామె'. ఎవరేమని పిలిచినా పలుకుతుంది. దాని మీద ఆమెకు ఫిర్యాదేమీ లేదు. పేరు పెట్టి పిలవకపోతే మనిషికి ఏమవుతుందో ఆమెకు అప్పటికింకా తెలియదు.

ముప్పై నాలుగేళ్ల మనిషి. చీర మీద బూడిద రంగు కోటు తొడుక్కుని పొద్దున ఏడింటికి మూడో అంతస్తులో తుడవడం మొదలుపెడుతుంది. ఆ నేలంతా గ్రానైటు. ఆ రాయితో ఆమెకు పాత పరిచయమే. రెండేళ్ల కిందట ఇదే మాదాపూర్ గుట్టల్లో మొగుడు సమ్మెటతో బండలు కొడుతుంటే, ఈమె తట్టలో కంకర మోసింది. అప్పుడు నెత్తిన మోసిన రాయినే ఇప్పుడు వంగి తుడుస్తోంది. రాయికి మెరుగు పెట్టారు గానీ, ఈమెకెవరూ పెట్టలేదు.

ఆమెకొక జబ్బుంది. దానికి దవాఖానలో మందు లేదు. మధ్యాహ్నం పన్నెండు దాటాక, మెట్ల కింది సందులో అన్నం డబ్బా విప్పగానే ఆ సందు గుమ్మంలో మొగుడు వచ్చి నిలబడతాడు. దయ్యాలు రాత్రిళ్లే తిరుగుతాయని చదువుకున్నవాళ్లు అనుకుంటారు. మిట్టమధ్యాహ్నం సంగతి పల్లెటూరి వాళ్లను అడిగితే చెబుతారు. ఆయన లోపలికి రాడు, బయటికి పోడు. వెనకనుంచి ఎండ కొట్టడంతో ముఖం కనిపించదు. కుడిచేత్తో నుదురు తడుముకుంటూ ఉంటాడు, అంతే. యాదమ్మకు చేతిలో ముద్ద చేతిలోనే ఆరిపోతుంది. ఆదివారం ఇంట్లో ఉన్నా అదే వరస. అందుకని మండే ఎండాకాలంలో కూడా ఆమె మధ్యాహ్నాలు తలుపు మూసుకుని కూర్చుంటుంది. రెండేళ్లలో సగం మనిషైపోయింది.

ఆయన ఏమి అడుగుతున్నాడో తనకు తెలుసనే ఆమె అనుకుంటోంది. ఆయన నుదుటి మీది రూపాయి ఆమె నడుముకు దోపుకున్న గుడ్డసంచిలో ఉంది.

తొంభై ఏడు మే నెలలో జరిగిందది. ఆ ఎండల్లో బండ పట్టుకుంటే చేయి బొబ్బలెక్కేది. మధ్యాహ్నం పన్నెండు దాటాక ఆయన సమ్మెట దించి, "జర నీళ్లియ్యి" అని కూర్చున్నాడు. ఆమె చెంబు తెచ్చేసరికి కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయి ఉన్నాడు. ట్రాక్టరులో వేసుకుని దవాఖానకు పోతే, వడదెబ్బ అన్నారు, ప్రాణం దారిలోనే పోయిందన్నారు. గుమాస్తా రిజిస్టరు తెరిచి పేరు చెప్పమన్నాడు.

యాదమ్మ పెళ్లయిన నాటినుంచి మొగుడి పేరు ఒక్కసారి కూడా పలికి ఎరగదు. పెళ్లాం నోట పేరు వస్తే మొగుడికి ఆయుష్షు తగ్గుతుందని తల్లి చెప్పింది, ఆ తల్లికి ఆమె తల్లి చెప్పింది. కూతురు పుట్టకముందు "ఇగో, ఇంటున్నవా" అని పిలిచేది. పుట్టాక 'రేణుక నాయిన' అయ్యాడు.

"పేరేందమ్మా?" అన్నాడు గుమాస్తా రెండోసారి.

"రేణుక నాయిన."

గుమాస్తా నవ్వలేదు. అలాంటివాళ్లను రోజూ చూస్తాడు కాబోలు, ఆమె వెనక నిలబడ్డ మేస్త్రి వైపు తిరిగాడు. మేస్త్రి మస్టరు పుస్తకంలో ఉన్న పేరు చెప్పాడు. ఐలయ్య.

అది ఆయన పేరు కాదు. ఐలయ్య అనేవాడు అంతకు ముందెప్పుడో పని వదిలేసి ఊరికి పోయిన మనిషి. వాడి జాగాలో ఈయన చేరాడు. పేరు కొట్టేసి కొత్త పేరు రాసే ఓపిక మేస్త్రికి లేకపోయింది. ఎవడైతేనేం, సమ్మెట ఒకటే కదా అనుకుని ఉంటాడు. ఎనిమిది నెలల పాటు కూలీల గుడిసెల్లో అందరూ ఐలయ్యా అని పిలిచారు, ఆయనా పలికాడు. "నేను ఐలయ్యనైతే నువ్వు ఐలమ్మవు" అని సాయంత్రాలు పెళ్లాన్ని ఆటపట్టించేవాడు.

కాదు, ఆ పేరు కాదు అని చెప్పడానికి ఆ రోజు ఒక్క మాట చాలు. ఆ మాట యాదమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. ఆయుష్షు తగ్గుతుందని మింగేసింది. అప్పటికి ఆయన పోయి రెండు గంటలైంది.

కాసేపటికి లోపలినుంచి బంట్రోతు వచ్చి, "ఐలయ్య మనుషులెవరు?" అని కేకేశాడు. బెంచీల మీద ఎవరూ లేవలేదు. మళ్లీ కేకేశాడు. మూడోసారికి మేస్త్రి వచ్చి ఆమెను రెక్క పట్టుకుని లేపాడు.

పాలమూరు నుంచి ఆమె తమ్ముడు వచ్చేదాకా శవాన్ని ఉంచలేమన్నారు. ఆ ఎండకు అది నిజమే. గుడిసెల వెనక తాబేలు బండ అని ఒక పెద్ద రాయి ఉండేది, దాని పక్కన గుంత తీశారు. స్నానం పోసి పసుపు రాసి, నుదుట పెట్టడానికి రూపాయి అడిగారు. యాదమ్మ సంచిలో చెయ్యి పెట్టి, చేతికి ఏది తగిలితే అది ఇచ్చేసింది. తీరా చూస్తే అది చార్మినార్ రూపాయి. నిజాం కాలం నాటి వెండిది. ఆయన తల్లి పోతూ పోతూ కొడుకు చేతిలో పెట్టినది. తిండి లేని రోజుల్లో కూడా ఆయన దాన్ని మార్చలేదు. దాని మీది చార్మినార్ గుమ్మంలో చిన్న గీత ఉండేది, మనిషి నిలబడ్డట్టు. "ఈన కావలోడు. మన ఇంటిని జూసుకుంటడు" అని రేణుక అరచేతిలో పెట్టి చూపించేవాడు.

నుదుటి రూపాయి గుంత తీసినవాడికి పోవాలి, లేదంటే మట్టితో పాటు పోవాలి. పెళ్లామే తీసుకున్నదన్న మాట ఎక్కడా విని ఉండరు. శవం మీద చిల్లర ఏరుకునేవాళ్లని మన భాషలో ఒక తిట్టుంది, అంతకన్న నీచమైన తిట్టు వెతికినా దొరకదు. యాదమ్మ కడసారి ముఖం చూడటానికి వంగినప్పుడు ఆ పనే చేసింది. ఎవరూ చూడలేదు. ఎందుకు చేసిందంటే, ఆయన చెయ్యి తగిలిన వస్తువు ఇంకొకటి లేదు. ఫొటో లేదు. సమ్మెట మేస్త్రిది. తువాలు దవాఖానలోనే పోయింది.

మూడోనాడు పిట్టకు పెట్టారు. పోయినవాడికి ఇష్టమైనవి వండి సమాధి దగ్గర పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే మనసులో ఏదో కోరిక మిగిలిపోయిందని లెక్క. తాబేలు బండ మీద కాకి వాలనే వాలింది. గుడిసెల వాళ్లంతా చేతులు జోడించి పిలిచారు. "ఐలయ్యా, రా, తిను. నీ బిడ్డను మేం జూసుకుంటం. రా ఐలయ్యా." కాకి తల ఇటు తిప్పింది, అటు తిప్పింది, కిందికి మాత్రం దిగలేదు. కల్లు పోశారు. బీడీ ముట్టించి పెట్టారు. గంటన్నర చూశారు. ఆఖరికి కుక్క వచ్చి తినిపోయింది. "ఏందో మనసుల వెట్టుకున్నడు ఐలయ్య" అనుకుంటూ ఎవరి గుడిసెకు వాళ్లు పోయారు. యాదమ్మ నడుము దగ్గర రూపాయి వాత పెట్టినట్టు కాలింది.

అప్పటినుంచి ఆయన వస్తూనే ఉన్నాడు.

ఏడాది తిరిగిన రోజున రూపాయి ఆయనకు ఇచ్చేద్దామని ఆమె ఆ చోటికి వెళ్లింది. తాబేలు బండ లేదు. మందు పెట్టి పేల్చేశారట. గుడిసెలూ లేవు. నున్నటి నల్ల రోడ్డు, మధ్యలో పూలమొక్కలు. ఆయన ఎక్కడున్నాడో, ఏ పక్క తల ఉందో తెలియలేదు. రోడ్డు మీద ఇటూ అటూ మూడుసార్లు నడిచింది. కారులో పోయేవాడొకడు హారను కొట్టి తిట్టాడు. రూపాయి ఆమె దగ్గరే ఉండిపోయింది. ఇక ఆమెకు తోచిన మందు ఒక్కటే, చింతపండు. ఆయన కనిపించిన ప్రతిసారీ ఇంటికి పోయి చింతపండు, ఉప్పు, బూడిద వేసి రూపాయిని తోమేది. మైల పోతే ఆయనా పోతాడని ఆశ. రూపాయి తళతళా మెరిసింది. ఆయన మాత్రం పోలేదు.

తొంభై తొమ్మిది ఏప్రిల్‌లో ఒక శనివారం, లిఫ్టు పక్కన గోడకు పెద్ద కాగితం అంటించారు. దాని మీద పళ్లెమంత చార్మినార్ రూపాయి బొమ్మ. యాదమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది. తన సంచి తడుముకుంది. ఉంది. పరుగున గేటు దగ్గరికి పోయి చంద్రయ్యను పిలుచుకొచ్చింది. చంద్రయ్య ఏడో తరగతి దాకా చదివిన మనిషి.

"నాణేల సదస్సట. రేపు పదకొండు గంటలకు, మూడో అంతస్తుల. పాత పైసల గురించి పెద్దమనుషులు మాట్లాడతరు. ఎవరైనా రావచ్చునట. టికెట్ లేదు."

"ఎవరైనా అంటే?"

"ఎవరైనా అంటే ఎవరైనా" అన్నాడు చంద్రయ్య. కొంచెం ఆలోచించి, "మనం గాదు" అన్నాడు.

ఆదివారం ఆమెకు సెలవే. ఎక్కడో ఒక చోట ఈ రూపాయికి తీరు తెన్ను చెప్పేవాళ్లుంటే వాళ్ల చేతుల్లో పెట్టేసి, దండం పెట్టి వచ్చేయాలని రాత్రికి రాత్రే నిశ్చయించుకుంది. అమ్మడం మాత్రం వద్దు. అమ్మితే ఆ తిట్టు నిజమైపోతుంది.

పెళ్లిళ్లకు కట్టే ఎర్ర చీర కట్టుకుని గేటు దగ్గరికి వస్తే చంద్రయ్య గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక రిజిస్టరు ముందుకు జరిపాడు. "కోటేసుకుంటే వెనక తలుపు. చీర కడితే ముందు తలుపు, రాయాలె. రూలు రూలే" అని తనే ఆమె పేరు రాసి, బొటనవేలు వేయించాడు. పైన హాలు ముందు బల్ల దగ్గర దేవిశ్రీ కూర్చుని ఉంది. ఆఫీసులో పని చేసే భీమవరం పిల్ల. యాదమ్మను చూసి, "ఆంటీ, ఇవాళ మీకు ఆఫ్ కదా?" అంది.

"నాణేలకు వచ్చిన."

దేవిశ్రీ మంచి పిల్ల, ఎందుకని అడగలేదు. "మీ పేరేంటండీ ఆంటీ? ఏడాది నుంచి చూస్తున్నా, అడగనేలేదు" అంటూ చిన్న అట్టముక్క మీద యాదమ్మ అని రాసి, పైటకు పిన్నీసు పెట్టింది. రోజూ తను తుడిచే హాలులోకి యాదమ్మ ఆ అట్టముక్కతో వెళ్లి, చివరి వరసలో కూర్చుంది. మెత్తటి కుర్చీ. దాని మీద దుమ్ము దులపడమే తప్ప కూర్చోవడం ఎరగదు.

ముప్పైమందిదాకా ఉన్నారు. మాట్లాడే ఆయన పేరు నరసింహమూర్తి. ట్రెజరీలో పనిచేసి రిటైరై లింగంపల్లి కాలనీలో స్థిరపడ్డ రాజమండ్రి మనిషి. బట్టతల, లోతైన, నవ్వే కళ్లు. లైట్లు ఆర్పి, గోడ మీద బొమ్మలు వేస్తూ చెప్పడం మొదలుపెట్టాడు.

"కొత్తగా వచ్చినవాళ్లకి మూడే ముక్కలండి. ఒకటి, నాణేన్ని అంచులు పట్టుకోవాలి, ముఖం మీద వేలు పెట్టకూడదు. రెండు, ఎట్టి పరిస్థితుల్లోనూ కడగకూడదు. మా ఆవిడ వ్రతానికి ముందు నా దగ్గరున్న పాత రాగి నాణేన్ని చింతపండు పెట్టి తోమేసిందండి. పదిహేను వందల ఏళ్లు మట్టి చెయ్యలేని పని పది నిమిషాల్లో చేసేసింది. చింతపండు తగిలిందా, ఇక అంతే సంగతులు."

అందరూ నవ్వారు. యాదమ్మ తన వేళ్లు కొంగులో దాచుకుంది. ఆయన తనను చూసే ఆ మాట అన్నాడనిపించింది.

"మూడు, కవరు. ఇదిగో, ఈ చిన్న కాగితపు కవరు. ప్రతి నాణేనికీ ఒకటి. ఎవరిది, ఏ ఊరిది, మన దగ్గరికి ఎలా వచ్చింది, పైన రాయాలి. వెండి ఎంతుందన్నది తర్వాత. పేరూ ఊరూ రాయని నాణెం అనాథ శవం లాంటిదండి. ఎక్కడో పెడతారు. ఎవరూ వచ్చి అడగరు."

ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు. ముందు వరసలో ఒకాయన రాసుకున్నాడు కూడా. యాదమ్మకు మాత్రం దవాఖాన బెంచీలు కళ్ల ముందుకొచ్చాయి. బంట్రోతు కేక వినిపించింది. ఆమె చెవులు మూసుకుంది.

చేతులు తీసేసరికి గోడ నిండా చార్మినార్ రూపాయి ఉంది. నాలుగు మినార్లు, మధ్యలో గుమ్మం. ఆ గుమ్మం మనిషంత ఎత్తుంది. హాలు గోడ మీది గడియారం పన్నెండు దాటింది. చీకట్లో, ఆ వెలుతురు గుమ్మంలో, ఆయన నిలబడి ఉన్నాడు. వంగిన భుజాలు, తలకు చుట్టిన తువాలు, నుదుటి మీదికి వచ్చిన చెయ్యి. మెట్ల కింద సందులో ఎలా ఉంటాడో అలాగే. తలుపు మూసుకుని కూర్చున్నా వచ్చినవాడికి ఈ అద్దాల మేడ ఒక లెక్కా? యాదమ్మ లేచి నిలబడింది. పక్కన ఎవరో, "కూర్చోండమ్మా, వెనకాల ప్రొజెక్టరు" అన్నారు. ఆమె నీడ గోడ మీద పడి గుమ్మాన్ని సగం కప్పేసింది. ఆమె కూర్చున్నాక ఆయన మళ్లీ కనిపించాడు. బొమ్మ మారేదాకా అక్కడే ఉన్నాడు.

లైట్లు వేశారు. టీలు, బిస్కట్లు వచ్చాయి. తెచ్చుకున్న నాణేలు చూపించేవాళ్లంతా నరసింహమూర్తి బల్ల చుట్టూ చేరారు. యాదమ్మ అందరి వంతూ అయ్యేదాకా గోడవారన నిలబడింది. ఆఖరికి ముందుకు వచ్చి, సంచిలోంచి రూపాయి తీసి నల్లటి మఖమలు గుడ్డ మీద పెట్టింది. ఆయన దాన్ని రెండు వేళ్లతో అంచులు పట్టి లేపాడు.

"అయ్యో. దీన్ని తోమారామ్మా?"

"రెండేండ్ల సంది తోముతున్న సారూ. పోతలేదు."

"ఏది పోవడం లేదమ్మా?"

ఆమె చెప్పింది. గొంతు తగ్గించి, తల ఎత్తకుండా, మొత్తం చెప్పింది. దవాఖాన దగ్గర మొదలుపెట్టి రోడ్డు దాకా. 'నుదుటి మీద' అన్న మాట దగ్గర ఆయన చేతిలోని రూపాయి మెల్లగా మఖమలు మీదికి దిగింది. ఆ చెయ్యి జేబులోని రుమాలు కోసం వెళ్లింది. యాదమ్మ అది చూసింది. ఆమెకు కోపం రాలేదు, మైల అంటే ఎవరికైనా మైలే. అయితే ఆయన రుమాలు బయటికి తీయలేదు. రూపాయిని మళ్లీ తీసుకున్నాడు. ఈసారి అంచులు పట్టలేదు. అరచేతిలో పెట్టుకున్నాడు.

"అమ్మా, నేను ముప్పై మూడేళ్లు ట్రెజరీలో పనిచేశాను. నాణేల సంగతి ఏదడిగినా చెబుతాను. మీరు చెప్పినదాంట్లో ఏది ఎందుకు జరుగుతోందో నాకు తెలియదు. తెలుసని అబద్ధం చెప్పలేను."

"గది గాదు సారూ. ఒక్కటి జెప్పు. ఈ తలుపుల నిలవడ్డది ఎవలు?"

ఆయన భూతద్దం ఆమె చేతికిచ్చాడు. ఆమె రెండు చేతులతో పట్టుకుని చూసింది. తోమి తోమి చార్మినార్ రాళ్లు అరిగాయి గానీ, గుమ్మంలోని గీత అరగలేదు.

"అది మనిషి కాదమ్మా. అక్షరం. 'ఐన్' అంటారు. నిజాంగారి పేరులో మొదటి అక్షరం. పేరంతా రాయడానికి చోటు చాలదు కదండి, అందుకని మొదటి అక్షరాన్ని తలుపులో నిలబెట్టారు."

"మనిషి గాదా?"

"కాదు. పేరు."

యాదమ్మ భూతద్దం దించలేదు. అందులోంచే చాలాసేపు చూసింది. ఆయన తన అలవాటు ప్రకారం చిన్న కవరొకటి తీసి, పెన్ను మూత తీశాడు.

"ఇది నా దగ్గర ఉంచుకోమంటే ఉంచుకుంటాను. కానీ మీ దగ్గరే ఉండాలని నా మాట. ఇందులో పెట్టి ఉంచండి. తోమడం ఇక చాలు. ఎవరిదని రాయమంటారు?"

"రేణుక నాయినది."

"రేణుక మీ అమ్మాయా? వాళ్ల నాన్నగారి పేరేమిటమ్మా?"

పెన్ను కాగితం మీద ఆగి ఉంది. దవాఖాన గుమాస్తా చేతిలోనూ అలాగే ఆగింది. యాదమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఈసారి వెనక మేస్త్రి లేడు, చెప్పేవాళ్లెవరూ లేరు. నాలుక పైకి లేచి, అలవాటున ఆగింది. ఆయుష్షు తగ్గుతది. ఎవరి ఆయుష్షు? రెండేళ్లుగా ఎవరి ఆయుష్షు కాపాడుతోంది తను?

పెదవులు కదిలాయి. నరసింహమూర్తి చెవి ముందుకు పెట్టాడు. "వినపడలేదమ్మా."

"ఎల్లేశం" అంది యాదమ్మ. "ఐలయ్య గాదు సారూ. ఎల్లేశం."

రెండోసారి ఆమె అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. టీలు తాగుతున్నవాళ్లు తలలు తిప్పారు. ఆమె వాళ్లను చూడలేదు. ఆమెకు కాకి గుర్తొచ్చింది. బండ మీద కూర్చుని గంటన్నర సేపు తల తిప్పి తిప్పి చూసిన కాకి. ఆకలిగానే ఉండి ఉంటుంది. కింద ఎవరినో పిలుస్తున్నారు, తనను కాదు. పిలవని చోట తినడానికి ఎల్లేశం ఎప్పుడూ పోలేదు. రూపాయి కోసం కాదు, ఇన్నాళ్లూ గుమ్మంలో నిలబడింది రూపాయి కోసం కాదు. యాదమ్మ ఆ బల్ల అంచు పట్టుకుని, అంతమంది ముందు, గుంత దగ్గర కూడా రాని ఏడుపు ఏడ్చింది. దేవిశ్రీ పరుగున వచ్చి కుర్చీ వేసింది. నరసింహమూర్తి తల వంచుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తూ పోయాడు.

ఆమె పాత మాదాపూర్‌లోని తన కిరాయి గదికి వచ్చేసరికి ఎండ నెత్తి మీదినుంచి కొంచెమే వాలింది. రేణుక లోపల తలుపేసుకుని, పలక మీద బొమ్మలు గీస్తోంది. ఎనిమిదేళ్లది, ఈ ఏడు రెండో తరగతి పూర్తి చేసింది. బళ్లో చేర్పించేటప్పుడు పంతులమ్మ దవాఖాన కాగితం చూసి తండ్రి పేరు రాసుకుంది. ఆ పేరే ఆ పిల్ల నోటికి వచ్చు. కనిపించిన అక్షరమల్లా చదివే వయసు కావడంతో, తల్లి చేతిలో కవరు చూడగానే లాక్కుంది.

"వెండి రూపాయి. ఎల్... ఎల్లేశం గారిది. పాలమూరు జిల్లా." తల ఎత్తింది. "ఎల్లేశం గారంటే ఎవలే అమ్మా?"

యాదమ్మ అన్నం గిన్నె దింపుతోంది. చెయ్యి ఆగింది. రెండేళ్లు తను గుమ్మం వైపు చూడటానికి భయపడుతూ బతికింది. ఆ రెండేళ్లూ ఈ పిల్ల ఎవరినో తండ్రి అనుకుంటూ పెరిగింది.

"మీ నాయిన" అంది.

"నాయిన పేరు ఐలయ్య గదా?"

"గాదు బిడ్డా. అది నా తప్పు." యాదమ్మ లేచి వెళ్లి రేకు తలుపు గడియ తీసి, రెక్క బార్లా తెరిచింది. ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. కంచంలో అన్నం పెట్టి గడప దగ్గర ఉంచింది. "ఇంకోపారి సదువు. జర గట్టిగ. బయటికి ఇనవడాలె."

రేణుకకు గట్టిగా పిలవడమంటే బళ్లో హాజరు పిలవడమే తెలుసు. లేచి నిలబడి, కవరు రెండు చేతులతో ముఖానికి ఎదురుగా పట్టుకుని, పంతులమ్మలా గొంతు పెంచి పిలిచింది.

"ఎల్లేశం."

పిలిచి, జవాబు కోసం కాసేపు ఆగింది. తల్లీ కూతుళ్లిద్దరూ గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నారు.